జబ్బు లేని ఇంజిన్ను విప్పినవాణ్ణి

నేను విప్పిన ఇంజిన్లకు లెక్క లేదు. వాటిలో ఏ జబ్బూ లేకుండా విప్పింది మాత్రం ఒక్కటే. పోనీ, విప్పాను, ఏమీ దొరకలేదు, మళ్ళీ బిగించేశాను అని నోరు మూసుకున్నా బాగుండేది. దొరకలేదన్న ఉక్రోషంలో ఒక పెద్దమనిషి మీద కాగితం రాసి సంతకం పెట్టాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు కనపడినప్పుడల్లా నన్ను గొప్పలు చెప్పమంటారు. గొప్పలకేం, తీరిగ్గా చెప్పుకోవచ్చు. ముందు ఇది వినండి.

మా వైపు పిల్లలకు తెలుగు మాట్లాడడం వచ్చుగానీ చదవడానికి తమిళమే సుళువు. మా అమ్మాయి నేను రాసుకున్న ఈ కాగితాలు చూసి, "నాయనా, నువ్వే చదువు, నేను వింటా" అంది. చదివాను. అయ్యేసరికి, "ఇంత ఘనకార్యం చేసి ఇన్నాళ్ళు మాకు చెప్పలేదే!" అని ఒకటే నవ్వు. ఇంట్లో పరువు అట్లా పోయింది. ఇక బయట దాచుకోవడం దేనికి?

తిరువళ్ళూరులో ఒక కాంట్రాక్టరు బండ్ల షెడ్డులో నేను హెడ్ మెకానిక్కును. అందరూ మేస్త్రీ అనేవాళ్ళు. తిరుత్తణి చుట్టుపక్కల పల్లెల్లో మనుషుల్ని ఎక్కించుకుని, ఆత్తిపట్టులో కరెంటు పనికి పోయేవాళ్ళను అక్కడా, కాట్టుపల్లిలో ఓడల పనికి పోయేవాళ్ళను అక్కడా దించి, షిఫ్టు అయ్యాక మళ్ళీ ఇళ్ళకు చేర్చడం మా బండ్ల పని. ప్రతి నెలా కృత్తిక నక్షత్రం నాడు మాత్రం ఒక పాత డీజిల్ వేను ఆ పని మానుకుని, జనాన్ని తిరుత్తణి కొండమీదికి మురుగన్ దర్శనానికి తీసుకుపోయేది. దాంట్లో ఇంజిను ముందు సీట్ల మధ్యనే ఉంటుంది. పైన రేకుమూత. సీటు దొరకనివాళ్ళు ఆ మూతమీద గోనెపట్టా పరుచుకుని కూర్చునేవాళ్ళు.

ఆ వేను డ్రైవరు కే.జీ.కండిగై అనే పల్లె మనిషి. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. చుట్టరికం ఏమీ లేదుగానీ నేను ఆయన్ని మామా అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడా అనేవాడు. షెడ్డులో మా ముచ్చట్లు తెలుగులోనూ తగాదాలు తమిళంలోనూ నడిచేవి. స్టీరింగుకు దండం పెట్టనిదే ఆయన తాళం తిప్పడు. ఆయన గేరు మారిస్తే వెనక నిద్రపోయేవాడికి మెలకువ రాదు. ఇంతకాలం నడిపినా ఆ బండికి ఆయన చేతిలో ఒక్క సొట్ట పడలేదు.

ఒక ఏడాది ఆయుధపూజకు ఆ వేనుకు నేనొక కానుక ఇచ్చాను. వల్లీ దేవసేనలతో మురుగన్ పటం, చుట్టూ ఒకదాని వెంట ఒకటి వెలిగే రంగు బల్బులు, కింద మంత్రం పాడే చిన్న పెట్టె. సొంతంగా కొని, నా చేతులతోనే డాష్‌బోర్డు మీద బిగించి, స్విచ్చి పెట్టి ఇచ్చాను. మామ సంబరం చూడాలి! పదిసార్లు వేసి, పదిసార్లు తీసి, "అల్లుడా, నువ్వు సల్లంగా ఉండాల" అని నా తలమీద చెయ్యి పెట్టాడు.

ఆ దీపం ఎప్పుడు వెయ్యాలో మామకు ఒక పద్ధతి ఉండేది. షిఫ్టు మనుషుల్ని తీసుకుపోయేటప్పుడు వెయ్యడు. "వాళ్ళు పాపం నిద్రపోతా ఉంటారు. సామి పాడితే లేస్తారు, లేస్తే తిడతారు. సామి ముందర ఆ మాటలెందుకు?" అనేవాడు. కృత్తిక నాడు కొండదారి మొదలయ్యే చోట బండిని నెమ్మది చేసి, "మురుగా!" అని స్విచ్చి వేసేవాడు. దర్శనం చేసుకుని కిందికి దిగాక తీసేవాడు.

రెండు మూడు కృత్తికలు బాగానే గడిచాయి. వానలు వచ్చి పోయాయి, సంక్రాంతితో మొదలయ్యే తై నెల వచ్చింది. ఒకరోజు మామ షెడ్డులోకి వచ్చి నిలబడ్డాడు.

"అల్లుడా, కొండెక్కతా ఉంటే హీటు ముల్లు పైకి పోతా ఉండాది. రెండు తావుల నిలిపి నిలిపి ఎక్కించినా."

"నీళ్ళు పొంగినాయా?"

"పొంగేదాకా నేనెందుకు పెడతా? ముల్లు ఎర్రగీత కాడికి పోతానే ఆపేస్తా. పది నిమిషాలు ఆగి మళ్ళీ ఎక్కిస్తా."

"కాట్టుపల్లికి పోయేటప్పుడు?"

"ఆ దారిలో ఏం లేదు. సగంకాడ కూర్చోని ఉంటాది."

నేను మీసం దువ్వుకున్నాను. నేలమీద పోతే మామూలు, కొండ ఎక్కితే వేడి. దీనికి హెడ్ మెకానిక్కు ఎందుకు, టీ కొట్టాయన కూడా చెబుతాడు. ఎక్కుడులో ఇంజినుకు బరువెక్కువ, రేడియేటరు అడ్డుపడి ఉంటే చల్లబరచలేదు. రేడియేటరు దించి శుభ్రం చేయించి పెట్టి, "పో మామా, ఇంగ హాయిగా ఎక్కు" అన్నాను.

తర్వాతి కృత్తిక మర్నాడు మామ మళ్ళీ వచ్చాడు. ఈసారి నీళ్ళను తిప్పే పంపూ, దాని బెల్టూ మార్చాను. ఆ తర్వాతి కృత్తిక మర్నాడు కూడా వచ్చాడు. ఆయన గడపలో కనబడితే చాలు, షెడ్డులో మిగతావాళ్ళు పానాలు సర్దుతున్నట్టు తలలు దించుకుని నవ్వుకునేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. థర్మోస్టాటు మార్చాను. ముల్లుకు వేడి కబురు పంపే సెన్సరును కూడా మార్చాను. దీన్ని మాత్రం గుర్తుపెట్టుకోండి, అంటే ముల్లు మీద నాకు ఒక మూల అనుమానం వచ్చింది. వచ్చిన అనుమానాన్ని సగంలో వదిలేశాను. కొత్త సెన్సరు పెట్టాను కాబట్టి ముల్లు సత్యహరిశ్చంద్రుడే అనుకున్నాను.

చివరికి రోషం పట్టలేక ఇంజిన్ పైభాగం, అదే హెడ్డు, విప్పి కింద పెట్టాను. లోపల బంగారంలా ఉంది. గాస్కెట్టు మీద కాలిన మచ్చ లేదు, ఎక్కడా చీలిక లేదు. అంత ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ను చూసి ఏడుపొచ్చిన మెకానిక్కు ప్రపంచంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. మళ్ళీ బిగించాను. చిత్తిరై నెల కృత్తిక వచ్చింది. మర్నాడు మామ వచ్చాడు. ఈసారి గడపలోనే నిలబడి, లోపలికి రావడానికి ఆయనకే మొహం చెల్లక, "అదే మాదిరే ఉండాది అల్లుడా" అని వెళ్ళిపోయాడు.

ఈ సంగతి మా ముదలాళి చెవిన పడింది. ముదలాళి అంటే మా యజమాని. నన్ను గదిలోకి పిలిచాడు.

"ఏం మేస్త్రీ, మార్చిందల్లా మార్చినావు. ఇంగ తప్పు బండిదా, నడిపేవాడిదా? ఏదో ఒకటి తేల్చి చెప్పు."

"బండిలో ఏం లేదు ముదలాళీ" అన్నాను. నా పనిలో లోపం లేదని చెప్పుకోవాలన్న ఆత్రంలో ఆ మాటకు రెండో అర్థం ఏమవుతుందో ఆలోచించలేదు.

"అయితే చూస్తాం" అని ముదలాళి ఒక పరీక్ష పెట్టాడు. మా దగ్గరే ఇంకో డ్రైవరు ఉండేవాడు, నలభై ఏళ్ళవాడు, హుషారు మనిషి. అతనితో వేను తోలించి, వెనక మనుషుల బరువుకు సరిపడా ఇసుక మూటలు వేయించి, ముదలాళి తనే పక్కన కూర్చుని కొండెక్కాడు. ఆ హుషారు మనిషి దారంతా ఫోనులో సినిమా పాటలు పెట్టుకున్నాడట. ముల్లు సగం దగ్గర నుంచి కదల్లేదు. ఒక్కచోట కూడా ఆగకుండా ఎక్కి, ప్రసాదం పట్టుకుని దిగొచ్చారు.

ఇంకేముంది! బండి అదే, కొండ అదే, మారింది డ్రైవరొక్కడే. ముదలాళి నా ముందు తెల్లకాగితం పెట్టాడు. "ఇంజిన్‌లో లోపం లేదు. ఎక్కుడులో నడిపే పద్ధతి వల్ల బండి వేడెక్కుతున్నది" అని రాసి సంతకం చేశాను. నిజం చెప్పాలంటే రాసేటప్పుడు నాకు బాధ కలగలేదు. నాలుగు నెలల భారం దిగిపోయినట్టు హాయిగా అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ హాయికే ఎక్కువ సిగ్గేస్తుంది.

మామను పిలిపించి ముదలాళి తీర్పు చెప్పాడు. వయసైపోయింది, వచ్చే నెల నుంచి స్టీరింగు వద్దు, షెడ్డు గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూర్చోవచ్చు. వైకాసి నెల కృత్తికకు మాత్రం ఆ రెండో డ్రైవరు ఇంట్లో పెళ్ళి ఉంది కాబట్టి ఆ ఒక్క ట్రిప్పూ మామే వెళ్ళాలి. ఇరవై ఏళ్ళకు పైగా తోలిన చేతులు. గేటు తెరిచి, ఇంకొకడు తన బండిని తోలుకుపోతుంటే చూస్తూ కూర్చోవాలి. మామ బయటికి వచ్చి నన్ను అడిగాడు.

"నువ్వే రాసినావా అల్లుడా?"

"ఇంజిన్లో ఏం లేదు గదా మామా, నన్నేం చెయ్యమంటావు?"

"సరేలెండి మేస్త్రీగారూ" అని వెళ్ళిపోయాడు. ఆ 'గారు' చెంపమీద కొట్టినట్టే తగిలింది.

ఇంటికి వెళ్ళి అన్నం దగ్గర ఈ సంగతి చెప్పాను. నాది న్యాయమే అని మా ఆవిడ అంటుందని ఆశ. ఆమె గరిటె పట్టుకుని అట్లాగే నిలబడింది.

"కొండమీద ముల్లు లేచేటప్పుడు ఆ మామ పక్కన ఒక్కసారన్నా కూర్చోని చూసినావా?"

"నేను హెడ్ మెకానిక్కును! ప్రతి బండెనకా కొండలెక్కతానా?"

"బలే డాక్టరువయ్యా నువ్వు. రోగి ఇంటికి పోకుండానే చావుచీటీ రాసిచ్చినావు."

నాలుగు నెలల్లో నేను మార్చిన సామాన్ల జాబితా గుక్క తిప్పుకోకుండా చెప్పగలను. జబ్బు కనపడే చోటికి మాత్రం ఒక్కసారీ పోలేదు. బండి కొండ దిగి ఇంత దూరం షెడ్డుకు వచ్చేసరికి ముల్లు ఎప్పుడూ సగంలోనే ఉండేది, నేను ఆ సగాన్నే చూసి వైద్యం చేశాను.

వైకాసి కృత్తిక పొద్దున్నే వెళ్ళి వేనులో డ్రైవరు పక్క సీటులో కూర్చున్నాను. మామ నన్ను చూసి పలకరించలేదు, దిగమనలేదు. స్టీరింగుకు దండం పెట్టి తాళం తిప్పాడు. దారిలో పల్లెల దగ్గర జనం ఎక్కారు. కే.జీ.కండిగైలో ఒక అవ్వ ఎక్కింది. ప్రతి కృత్తికకూ వచ్చే మనిషి. ఎవరు సీటు ఇస్తామన్నా వినదు. మా ఇద్దరి మధ్య ఇంజిను మూతమీద పట్టా పరుచుకుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, మహారాణిలా కూర్చుంది.

తిరుత్తణి దాకా ముల్లు సగంలోనే ఉంది. నేను మామ కాళ్ళనూ చేతులనూ పరీక్షాధికారిలా చూస్తున్నాను. ఎక్కడా వంక దొరకలేదు. కొండ మొదట్లో ఆయన బండిని నెమ్మది చేసి, "మురుగా!" అని దీపం స్విచ్చి వేశాడు. బల్బులు వెలిగాయి, పెట్టె పాడింది. జనమంతా "అరోగరా!" అన్నారు. నేనూ కళ్ళకద్దుకున్నాను. నా కానుకే కదా, కొంచెం గర్వంగా కూడా చూసుకున్నాను.

మొదటి మలుపు దాటేసరికి హీటు ముల్లు కదిలింది. రెండో మలుపుకు సగం దాటింది. తర్వాత మెల్లగా, నిమ్మళంగా, ఎర్రగీత మీదికి వచ్చి కూర్చుంది. మామ బండిని ఓరగా ఆపి, హ్యాండ్ బ్రేకు లాగాడు.

"చూసినారు గదా మేస్త్రీగారూ. గేరు తప్పు వెయ్యలా, క్లచ్చిమీద కాలు పెట్టలా. ఇంకేమన్నా రాసుకోవాలంటే రాసుకోండి."

ఆయన తాళం మీద చెయ్యి వేయబోతే, "ఆపొద్దు మామా, ఇంజిను ఆడనీ" అన్నాను. "అవ్వా, కొంచెం లెయ్యి, మూత తియ్యాల."

"ఎందుకు నాయనా?"

"ఇంజిను కాగిపోయింది."

"యాడ కాగింది? కాగితే మొదట తెలిసేది నాకా నీకా? నేను దానిమీదనే గదా కూర్చోనుండా!"

వేనంతా గొల్లుమంది. నేను కూడా నవ్వబోయి ఆగిపోయాను. నిజంగా అంత కాగితే ఆ రేకుమూత మీద మనిషి కూర్చోలేడు. అవ్వ లేచింది గానీ ఏ తొందరా లేకుండా, పట్టా మడిచి, సంచీ సర్దుకుని మరీ లేచింది.

మూత తీశాను. రేడియేటరుకు పోయే రబ్బరు గొట్టం పట్టుకుని నొక్కాను. కాగిన బండిలో అది రాయిలా బిగుసుకుని ఉంటుంది. ఇది మామూలు వేడిలో, మామూలు మెత్తగా ఉంది. సీసాలో నీళ్ళు చేతిలోకి తీసుకుని హెడ్డు మీద చిలకరించాను. కాగి ఉంటే చుక్క చుయ్‌మని గంతులేసి మాయమవుతుంది. ఈ చుక్కలు ఉన్నచోటనే నిలబడి నెమ్మదిగా ఆరాయి. కాగిన ఇంజినుకు ఒక వాసన ఉంటుంది, అదీ లేదు. తలెత్తి చూస్తే ముల్లు ఇంకా ఎర్రగీత మీదనే ఉంది.

"మామా" అన్నాను. "ఇంజిను కాగలేదు. ఎప్పుడూ కాగలేదు. నీ తప్పేం లేదు. ఈ ముల్లే మనకు అబద్ధం చెప్తా ఉండాది."

మామ దిగి వచ్చి, నా పక్కన నిలబడి, జనానికి వినపడకుండా, "అల్లుడా" అన్నాడు. "ఇంగొకటి ఉండాది. చెప్తే పోతాదని ఎవురికీ చెప్పలా. నా ఇంటిదానికి గూడా చెప్పలా."

"ఏంది మామా?"

"డీజిలు. కొండకింద సగం ఉంటాది. ఈడికొచ్చేసరికి నిండిపోతాది. కిందికి దిగి దీపం తీసినాక మళ్ళా సగానికి వస్తాది. కొండెక్కేదానికి కావాల్సింది సామే పోస్తా ఉండాడు. వేడి పెట్టి పరీక్ష చేసేది ఆయనే, డీజిలు పోసి కాపాడేదీ ఆయనే, ఇది చెప్పుకొనే మాట కాదులే అని ఊరుకున్నా."

నేను పరుగున వెళ్ళి మీటరు బోర్డు చూశాను. డీజిలు ముల్లు 'నిండు' గీత దాటి అవతలికి ఒరిగి ఉంది. పొద్దున షెడ్డులో ట్యాంకు సగమే ఉందని నాకు తెలుసు.

ఒక్క ముల్లు తప్పు చెబితే తప్పు ఆ ముల్లుది కావచ్చు. రెండు ముళ్ళూ కలిసి ఒకేసారి లేస్తే వాటికి కరెంటు పోసే చోట తప్పుంది. ఆ పాత బండ్లలో మీటరు బోర్డు వెనక ఒక చిన్న డబ్బా ఉంటుంది. బ్యాటరీ కరెంటును కొలిచి, కొంచెంగా ఈ రెండు ముళ్ళకూ పంచడం దాని పని. దానికి ఎర్తు, అంటే బండి ఇనుముతో కలిసే వైరు, గట్టిగా అందకపోతే కొలత తప్పి ఎక్కువ పోస్తుంది. ఆ ఎర్తు వైరుతో ఇంకేదైనా దీపం వైరు జతపడి ఉంటే, ఆ దీపం వెలిగినప్పుడల్లా తప్పు రెండింతలవుతుంది. దీపం తీసినాక, అన్నాడు కదా మామ.

ఆ దీపానికి ఎర్తు తీసిన మహానుభావుడు ఎవరో నాకు తెలుసు. ఆయుధపూజ రోజు మీటరు బోర్డు వెనక ఉన్న ఎర్తు మర విప్పి, దీపం వైరును కూడా దానికే కలిపి, రెండింటినీ పక్కనే ఉన్న రేకుకు బిగించాను. ఆ రేకుకు పెయింటు ఉంది. గీకి, ఇనుము తేలాక బిగించాలి, కొత్తగా చేరినవాడికి నేను నేర్పే మొదటి పాఠం అదే. కానీ అప్పుడు రాహుకాలం మొదలవడానికి రెండు నిమిషాలే ఉంది. రాహుకాలంలో సామిని పెట్టకూడదని పెయింటు మీదనే బిగించేశాను. మర అంచు తగిలి కొన్నాళ్ళు పనిచేసింది. వానల్లో చెమ్మ దిగి తుప్పు పట్టింది. మంచి ఘడియ చూసి నేను చేసిన పని అది.

"మామా, దీపం ఒక్క నిమిషం ఆర్పి చూడాల" అని స్విచ్చి మీదికి చెయ్యి చాపాను. మామ నా మణికట్టు పట్టుకున్నాడు.

"కృత్తిక నాడు, కొండ నడుమ, సామి దీపం ఆర్పుతావా? నేను గేటుకాడ కూర్చుంటాలే అల్లుడా. ఇది మాత్రం వద్దు."

వెనక జనం కూడా లేచారు. వద్దన్నవాళ్ళు, అపచారమన్నవాళ్ళు, అసలేం జరుగుతుందో తెలియక వాళ్ళతోపాటు అరిచినవాళ్ళు. నేను అందరికీ వినపడేటట్టు చెప్పాను. "ఈయన బండిని కాల్చేస్తా ఉండాడని నేను కాగితం రాసిచ్చినా. ఈయన డ్రైవరు పని పోయింది. ఇదే కడాపటి ట్రిప్పు. ఈ దీపం ఒక్క నిమిషం ఆర్పితే ఈయన తప్పు లేదని మీ అందరి ముందర తేలిపోతాది."

గోల ఆగింది. అవ్వ నన్నూ మామనూ మార్చి మార్చి చూసింది. "ఇంత చదువుకోని ఈ మాత్రం తెలీదా?" అంది. "ఇంకో దీపం ముట్టించి, తర్వాత దాన్ని ఆర్పు. సామికి వెలుగుండాల, అంతే గదా?" సంచీలోంచి కర్పూరం పొట్లం తీసి, దారి పక్కన రాయిమీద పెట్టి వెలిగించింది. మామ అటు తిరిగి, చేతులు జోడించి, కళ్ళు మూసుకున్నాడు. నా వైపు చూడకుండానే, "కానీ" అన్నాడు.

స్విచ్చి తీశాను. మంత్రం ఆగింది. కిటికీల్లోంచి, తలుపులోంచి తలలన్నీ మీటరు బోర్డు మీదికి వంగాయి. గర్భగుడి తెర తీసేటప్పుడు కూడా అంత తోపులాట ఉండదు. ముళ్ళు రెండూ కదల్లేదు. ఆ రకం ముళ్ళు వెంటనే కదలవని నాకు తెలుసు, తెలిసినా చెమట పట్టింది. కర్పూరం సగం కరిగింది. అప్పుడు అవ్వ, "దిగతా ఉండాది!" అని అరిచింది. రెండూ కలిసి, అక్కచెల్లెళ్ళలాగా, మెల్లగా దిగొచ్చి సగం దగ్గర ఆగాయి.

"వెట్రివేల్ మురుగనుక్కు..." అని వెనక నుంచి ఒకాయన అందుకున్నాడు. "అరోగరా!" అని కొండ మార్మోగేటట్టు అరిచారు. నేనైతే గొంతు పోయేదాకా అరిచాను.

మామ అరవలేదు. కళ్ళు తెరిచి వచ్చి డీజిలు ముల్లు వైపు చూస్తున్నాడు.

"అయితే డీజిలు?" అన్నాడు.

తన పని నిలబడిందన్న సంతోషం ఆ మొహంలో లేదు. నాలుగు నెలలుగా ఎవరికీ చెప్పకుండా గుండెలో దాచుకున్నది, నన్ను నమ్మి చెవిలో చెప్పిన నిమిషానికే దాన్ని నేను పీకేశాను. చెప్పక తప్పలేదు. వైరు సంగతి, పెయింటు సంగతి, రాహుకాలం సంగతి అన్నీ చెప్పాను. తప్పు నాదేనని చెప్పాను. ఆయన అంతా విని, "దీపం ఎయ్యి. పోదాం, జనానికి ఎండ తగలతా ఉండాది" అని సీటెక్కాడు. అవ్వ మళ్ళీ మూతమీద పట్టా పరుచుకుంది. ముల్లు మళ్ళీ ఎర్రగీత మీదికి పోయింది. ఎవరూ దాన్ని లెక్కచేయలేదు. ఎక్కడా ఆగకుండా కొండెక్కాం.

దర్శనం చేసుకుని షెడ్డుకు తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ముదలాళి గది ముందు నలుగురైదుగురు డ్రైవర్లు ఉన్నారు. నేను లోపలికి పోయి గుసగుసగా చెప్పొచ్చు. కానీ కాగితం రాసినప్పుడు అందరికీ తెలిసింది, ఇప్పుడూ అందరికీ తెలియాలి కదా. బయటికి పిలిచి, వాళ్ళందరి ముందూ మొదట్నుంచీ చెప్పాను.

ముదలాళి అంతా విన్నాడు. "అయితే హెడ్డు ఎందుకయ్యా విప్పినావు?" అన్నాడు. పాత కాగితం చింపి, కొత్తది రాయించాడు. "తప్పు ఇంజినుది కాదు, డ్రైవరుది కాదు, నాది" అని రాసి సంతకం పెట్టాను. ఈసారి సంతకం వంకర పోయింది.

"రేపటినించి బండి నువ్వే తీసుకోప్పా" అని ముదలాళి మామతో అన్నాడు.

"తీసుకుంటా. ఒక మాట ముదలాళీ" అన్నాడు మామ. "ఇంగమీద డ్రైవరు మీద కాగితం రాసేవాడు ముందర ఆ బండ్లో ఒక ట్రిప్పు కూర్చోవాల."

ముదలాళి ఒప్పుకున్నాడు. ఆ మాట నేను రిటైరయ్యేదాకా షెడ్డులో చట్టంలా నడిచింది. దాని పుణ్యమా అని తెల్లవారుజామున లేచి, నిద్రపోయే మనుషుల మధ్య కూర్చుని, కాట్టుపల్లి దాకా ఎన్ని బండ్లలో పోయానో నాకే తెలుసు. తిట్టుకుంటూ పోయేవాణ్ణి, పోయిన ప్రతిసారీ షెడ్డులో కూర్చుంటే తెలియనిది ఏదో ఒకటి తెలిసేది.

ఆ సాయంత్రమే మీటరు బోర్డు విప్పాను. మామ పక్కన నిలబడి టార్చి పట్టుకున్నాడు. రేకుమీద పెయింటు గీకుతుంటే ఆయన అడిగాడు.

"అల్లుడా, ఆ హీటు ముల్లు ఒకటీ సరి చేసి, డీజిలు ముల్లును అట్లే వదలకూడదా?"

"రెండింటికీ ఒకటే వైరు మామా."

ఆయన టార్చి ఇంకొంచెం దగ్గరగా పట్టాడు. ఇనుము తళతళలాడేదాకా గీకి, మర బిగించి, దీపం వైరును వేరే చోట కలిపాను. మామ సీట్లో కూర్చుని తాళం తిప్పి, "మురుగా" అని స్విచ్చి వేశాడు. బల్బులు వెలిగాయి, పెట్టె పాడింది. చాలాసేపు చూశాం. హీటు ముల్లు కదల్లేదు, డీజిలు ముల్లూ కదల్లేదు. సగానికి కొంచెం కిందే నిలబడిపోయింది.

"క్షమించు మామా" అన్నాను. రెండు వారాలుగా నోట్లో ఉన్న మాట అది.

"నువ్వు నన్ను నమ్మకుండా ముల్లును నమ్మినావు" అన్నాడు మామ, డీజిలు ముల్లు మీంచి చూపు తిప్పకుండా. "నేను సామిని నమ్ముతా ఉండా అనుకోని, నేనూ ముల్లునే నమ్మినా. సరిపాయ. ఎక్కు, బంకుకు పోదాం. ఇంగమీద కొండకు గూడా మనమే పోసుకోవాల గదా."